డబ్బాలో పది ఫోటోలు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

కార్యదర్శి గారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. "నీ కాడ పాత కెమెరా ఒకటి ఉండాది కదా, అదెట్లా వాడేదో చెప్పు, పిల్లోళ్లు కూడా ఇంటారు" అన్నారు. ఆ కెమెరానే ఈ బల్ల మీద పెట్టాను. తెల్ల ప్లాస్టిక్ డబ్బా, ముక్కు మీద ఇంద్రధనుస్సు గీత, ఎర్ర బటన్. చూస్తే ఆటబొమ్మ అనుకుంటారు. పేరు పోలరాయిడ్ 1000. అమెరికాలో ఇదే డబ్బాను వన్‌స్టెప్ అనే పేరుతో అమ్మారు. 1977లో వచ్చింది. మా మేనమామ కువైట్ నుంచి సెలవుకు వస్తూ తెచ్చాడు. అది 1983 డిసెంబరు. నేనప్పుడు ఇక్కడ పదో తరగతి.

మీలో కొందరికి ఇంకా గుర్తుండాలి, అప్పట్లో మన దగ్గర ఫోటో అంటే ఎంత పని. కొంచెం ఉన్నవాళ్ల ఇళ్లలో క్లిక్ త్రీ ఉండేది. ఆగ్ఫా వాళ్ల పేరుతో బరోడాలో తయారయ్యేది. 120 రోలు వేస్తే పన్నెండు ఫోటోలు. పన్నెండూ అయిపోయేదాకా రోలు కడిగించరు. పెళ్లికి మొదలైన రోలు సీమంతం దాకా సాగేది. అంతకు ముందు కాలంలో జాతరల్లో మినిట్ కెమెరా వాళ్లు కూర్చునేవాళ్లని మా నాయన చెప్పేవాడు. పెద్ద చెక్క పెట్టె, నల్ల గుడ్డ, పక్కన నీళ్ల బకెట్. పెట్టెలోనే చెయ్యి పెట్టి కాగితం మీద బొమ్మ కడిగేవాళ్లు. మొదట తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా తిరగబడి వస్తుంది. ఆ కాగితాన్ని కెమెరా ముందు పలక మీద పెట్టి దానికి మళ్లీ ఫోటో తీస్తే మనిషి మనిషిలా వస్తాడు. అంటే వెంటనే ఫోటో అనే ఆశ మన జాతర జనానికి కొత్తేమీ కాదు. అమెరికా వాడు దాన్ని డబ్బాలో పెట్టాడు, అంతే.

ఆ పెట్టినాయన పేరు ఎడ్విన్ లాండ్. 1943లో కుటుంబంతో శాంటా ఫే వెళ్లినప్పుడు ఆయన మూడేళ్ల కూతురు, ఇప్పుడు తీసిన ఫోటో ఇప్పుడే ఎందుకు చూడకూడదని అడిగిందట. నాలుగేళ్లకు, 1947 ఫిబ్రవరిలో, న్యూయార్క్‌లో శాస్త్రవేత్తల ముందు తీసి చూపించాడు. 1948 నవంబరులో బోస్టన్‌లో కెమెరా అమ్మకానికి వచ్చింది. మొదట్లో వచ్చినవి పొర ఊడదీసే రకం. బయటికి వచ్చిన వెంటనే దానంతట అదే తేలే ఫోటో 1972లో ఎస్‌ఎక్స్-70 అనే కెమెరాతో వచ్చింది. అది మడిచి కోటు జేబులో పెట్టుకునే ఖరీదైన వస్తువు. ఈ ప్లాస్టిక్ డబ్బా అదే ఫిల్ము వాడే పేదింటి తమ్ముడు.

ఇప్పుడు దీని లోపల ఏముందో చూద్దాం. ఫిల్ము పెట్టెలో పది ఫోటోలు. అడుగున పలుచటి బ్యాటరీ. కెమెరాకు వేరే సెల్లులు అక్కర్లేదు, ఫిల్ముతోపాటే కరెంటు వస్తుంది. పెట్టె లోపలికి తోసి మూత వేయగానే గుర్రుమని చప్పుడు చేసి పైనున్న నల్ల అట్టను బయటికి ఉమ్మేస్తుంది. వెనక గడిలో 10 అని కనబడుతుంది. ఒక్కోటి తీసేకొద్దీ 9, 8, 7... ఎన్ని మిగిలాయో చెబుతుంది. ఈ కిందికి దిగే అంకెలు మనిషిని ఎంత భయపెడతాయో నాకు బాగా తెలుసు.

ఫోటో కింద వెడల్పుగా తెల్ల అంచు ఉంటుంది కదా, అందం కోసమని అందరూ అనుకుంటారు. దాంట్లో మందు సంచి ఉంటుంది. బటన్ నొక్కాక ఫోటో రెండు ఉక్కు రోలర్ల మధ్యలోంచి బయటికి వస్తుంది. చెరుకు గానుగను తలుచుకోండి. సంచి పగిలి మందు పొరల మధ్య సమంగా పరుచుకుంటుంది. రోలరు మీద ఎండిన మందు ఒక చుక్క అంటుకుని ఉన్నా చాలు, ప్రతి ఫోటోలో అదే వరసలో మచ్చలు పడతాయి. కాబట్టి పెట్టె మార్చినప్పుడల్లా తడిగుడ్డతో రోలర్లు తుడవాలి. నాకిది తెలియక ఒక ఫోటో పోయింది. మేనమామ మొదటి పెట్టె ఇంట్లో వాళ్లకు తీసి, రెండోది నా చేతికిచ్చి, "ఇంకోటి ఈ చుట్టుపక్కల దొరకదు, చూసుకుని వాడుకో" అని చెప్పాడు. రోలర్ల సంగతి చెప్పలేదు.

ఆ పది ఫోటోలు ఎట్లా ఖర్చయ్యాయో చెబితే కెమెరా వాడకం అంతా చెప్పినట్టే.

మొదటిది జనవరిలో ఎమ్మిగనూరు జాతరలో పోయింది. నీలకంఠేశ్వరస్వామి తేరు కదులుతుంటే మేడ మీద నుంచి తీశాను. తేరు అగ్గిపుల్లంత వచ్చింది. జనం ఆవాలంత. ఈ కెమెరా అద్దం కదలదు. నాలుగడుగుల నుంచి ఎంత దూరమైనా ఒకే ధోరణి. ఫోటో చూస్తే మూడంగుళాల చదరం. అంత చదరంలో తేరు, ఊరు, ఆకాశం ఇరికిస్తే ఏమీ మిగలదు.

రెండోది మా నాయనది. ఎమ్మిగనూరు చేనేత సహకార సంఘం గురించి ఈ సభకు నేను చెప్పాల్సిన పని లేదు. మాచాని సోమప్ప గారు 1938లో పెట్టిన సంఘం అది, ఆయనకు 1954లో పద్మశ్రీ వచ్చింది. మా నాయన ఆ సంఘం నూలే తెచ్చి ఇంట్లో గుంట మగ్గం మీద నేసేవాడు. ఆ గదికి ఒకటే కిటికీ. నేను వెళ్లి నొక్కాను. బయటికి వచ్చిన ఫోటోలో మగ్గం ఉంది, నాయన చేతుల చోట పొగ ఉంది. వెలుతురు తక్కువైతే ఈ కెమెరా కన్ను ఎక్కువసేపు తెరుచుకుంటుంది. ఆ సేపట్లో నేయించే చెయ్యి ఆగదు, పట్టుకున్న చెయ్యీ ఆగదు. పైన పెట్టే ఫ్లాష్ పట్టీ ఉంటే పని జరిగేది, అది నా దగ్గర లేదు. నాయన చూసి, "చేతులు లేకుండా నేసినాన్రా నేను" అని నవ్వాడు. ఆ ఫోటో నా దగ్గర ఇప్పటికీ ఉంది. నిజం చెప్పాలంటే మంచి వాటికన్నా దాన్నే ఎక్కువసార్లు చూశాను.

మూడోది మా అమ్మ, అవ్వ. పొద్దున ఎనిమిదింటికి, ఎండ నా వీపు మీద పడుతుండగా, ఐదడుగుల దూరంలో. బ్రహ్మాండంగా వచ్చింది. ఎందుకు వచ్చిందో అప్పుడు నాకు తెలియలేదు. అదృష్టం అనుకున్నాను.

ఆదోని మార్కెట్ యార్డులో తీసినదాని దగ్గర కాస్త ఆగుతాను, ఎందుకంటే ఇది మన ఊరి పాఠం. పత్తి సీజను. యార్డు నిండా తెల్లటి కుప్పలు. కమిషన్ మండీలో గుమాస్తాగా చేసే మా క్లాసు పిల్లోడి అన్నను కుప్ప ముందు నిలబెట్టి తీశాను. పత్తి చక్కగా వచ్చింది. అన్న బొగ్గులాగా వచ్చాడు. ఆయనకు కోపం కూడా వచ్చింది. అద్దం పక్కనే చిన్న కన్ను ఉంది చూడండి, వెలుతురు ఎంత ఉందో కొలిచేది అదే. దానికి మనిషి ఎవరో, పత్తి ఏదో తెలియదు. ఎదురుగా అంతా తెల్లగా మెరుస్తుంటే ఎండ ఎక్కువైందనుకుని కెమెరా నోరు తొందరగా మూసేస్తుంది. మన ముఖాలు చీకట్లో పడతాయి. దీనికి మందు ఈ చిన్న చక్రం. సగం తెలుపు, సగం నలుపు. తెలుపు వైపు తిప్పితే ఇంకాస్త వెలుతురు లోపలికి వస్తుంది. రెండోసారి అట్లా తిప్పి తీశాను. అన్న ముఖం, మెడలో తువ్వాలు, వెనక పత్తి, అన్నీ వచ్చాయి. ఒక మనిషికి రెండు ఫోటోలు ఖర్చు. ఆ కన్ను మీద వేలు పడితే దీనికి తలకిందులు. చీకటనుకుని కెమెరా నోరు తెరిచి పెడుతుంది, ఫోటో సున్నం కొట్టినట్టు తెల్లబోతుంది. రణమండల కొండ మీద నేను చేసిన పని అదే. అంత దూరం మెట్లెక్కి తెల్ల కాగితం తెచ్చుకున్నాను.

చెల్లెలి ముఖం మరీ దగ్గర నుంచి తీస్తే మసకగా వచ్చింది, పైగా సగం చెవి తెగింది. మనం చూసే కిటికీ ఒకచోట, అద్దం ఇంకోచోట, దగ్గరికి పోయేకొద్దీ ఆ తేడా తెలుస్తుంది. రోలరు మచ్చలది ఇందాకే చెప్పాను. డ్రాయింగ్ సారు బోర్డు దగ్గర నిలబడిన ఫోటో బాగా వచ్చింది. సారు దాన్ని చూసి ఏమీ మాట్లాడకుండా జేబులో పెట్టుకుని వెళ్లిపోయారు. అడిగే ధైర్యం మాకెక్కడిది. నెగెటివ్ లేని ఫోటో ఇది. ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే, ఇంకో కాపీ లేదు.

మొత్తం తొమ్మిది. గడిలో 1 మిగిలింది.

ఇక్కడి నుంచి నేను చెప్పే మాటకు నా స్నేహితుడి అనుమతి తీసుకున్నాను. "పేరు మాత్రం చెప్పొద్దు" అన్నాడు, చెప్పను. నా బ్యాచ్ వాళ్లకు ఎట్లాగూ తెలిసిపోతుంది.

వాడిది కోసిగి వైపు పల్లె. హాస్టల్లో ఉండి చదివేవాడు. సంక్రాంతి దాటితే వాళ్ల అమ్మానాయన సుగ్గికి పోయేవాళ్లు. సుగ్గి అంటే బయటి జిల్లాల నుంచి వచ్చిన కోడళ్లకు, అల్లుళ్లకు తెలియకపోవచ్చు. ఇక్కడ పనులు అయిపోయాక మిరపకాయలు కోయడానికి, పత్తి తీయడానికి గుంటూరు వైపు లారీలెక్కి పోవడం. ఇంటికి తాళం, ముసలివాళ్లకు నాలుగు గింజలు, చిన్నపిల్లలు చంకన. మన బడిలో ఫిబ్రవరి వచ్చేసరికి కొన్ని బెంచీలు ఖాళీ అయ్యేవి, సార్లు హాజరు పట్టీలో గీతలు పెట్టుకుంటూ పోయేవాళ్లు.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఒకరోజు సాయంత్రం వాళ్ల అమ్మ బడి గేటు దగ్గరికి వచ్చింది. కొడుక్కి జొన్నరొట్టెల మూట, పరీక్షలకు కొంచెం డబ్బు ఇచ్చిపోదామని. లారీ రాత్రికి. నా మెడలో కెమెరా వేలాడుతోంది, ఆ రోజుల్లో నేను దాంతోనే పడుకునేవాణ్ణి. ఆమె దాన్ని చూసి, "ఇదేనా అప్పా, అప్పుడే బొమ్మ వచ్చేది? నాదొకటి తీయి, వీని కాడ ఉంటాది" అంది.

నేను, "అమ్మా, ఒకటే మిగిలింది. గ్రూపు ఫోటోకని పెట్టినా. మీరు సుగ్గి నుంచి వచ్చినాక తీస్తాలే" అన్నాను.

ఆమె ఏమీ అనుకోలేదు. "ఈ ముఖానికి ఫోటో ఒకటి తక్కువైందిలే" అని నవ్వి, కొంగు సర్దుకుని, వాడి తల మీద చెయ్యి పెట్టి వెళ్లిపోయింది. నేను అబద్ధం చెప్పలేదు. కానీ వచ్చినాక తీయడానికి ఫిల్ము ఎక్కడి నుంచి తెస్తాననే ఆలోచన కూడా నాకు లేదు.

వారం తర్వాత వీడ్కోలు సభ. క్లాసులో నలభై మంది, సార్లు, హెడ్‌మాస్టరు గారు. అందరూ పట్టాలంటే వెనక్కి, వెనక్కి జరిగి ప్రహరీ గోడకు ఆనుకుని నొక్కాను. వచ్చింది. ఒక్కో ముఖం నువ్వుగింజంత. ఎవరు ఎవరో వేలు పెట్టి చెప్పాల్సిందే. అదే రోజు బడి వాళ్లు స్టూడియో ఆయన్ను కూడా పిలిపించారు. ఆయన స్టాండు కెమెరాతో, నల్ల గుడ్డతో తీసిన గ్రూపు ఫోటో మనందరి ఇళ్లలో ఉంది. ఈ సంచిక లోపలి అట్ట మీద వేసింది కూడా అదే. నెగెటివ్ ఉంది, ఎన్ని కాపీలైనా వస్తాయి. అంటే నా పదో ఫోటో ఎవరికీ అక్కర్లేదు.

ఆమె ఆ సుగ్గిలోనే జ్వరం వచ్చి పోయింది. వాడికి తెలిసేసరికి మూడు రోజులైంది. పరీక్షలు రాశాడు, పాసయ్యాడు, ఇప్పుడు ఆర్టీసీలో డ్రైవరు.

ఆమె ఫోటో ఒక్కటి కూడా లేదు. దీన్ని ఇప్పటి పిల్లలు నమ్మరు. ఫోటో ఉన్న ఓటరు కార్డు 1993లో గానీ మొదలు కాలేదు. మన పల్లెల్లో ఎంతోమందికి జీవితంలో మొదటి ఫోటో ఆ కార్డు మీదిదే. ఆమె అంతవరకు లేదు. చెల్లెలి పెళ్లికి పోయినవాళ్ల ఫోటోకు దండ వేయాలి కదా, పీట మీద నాయన ఫోటో పక్కన ఏం పెట్టాలో తెలియక మావాడు ఒక బోర్డులు రాసే ఆయన దగ్గరికి వెళ్లాడు. "అమ్మ అచ్చం పిన్నమ్మలాగే ఉండేది" అని పిన్నమ్మను కూర్చోబెట్టి, "ముక్కు కొంచెం సన్నం చెయ్యి, బొట్టు పెద్దది పెట్టు" అని చెప్పి చెప్పి గీయించాడు. ఆ బొమ్మే ఇప్పుడు వాళ్లింట్లో ఉంది. ఒకసారి దాని ముందు కూర్చుని అన్నం తింటుంటే నాతో, "ఆ పొద్దు నువ్వు తీసింటే బాగుండేదిరా" అన్నాడు. అంతే. మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

నేను మాత్రం చాలాసార్లు లెక్క వేసుకున్నాను. సాయంత్రం, ఎండ పడమట నుంచి ఏటవాలుగా, ఆమె గేటు దగ్గర నా ముందు నాలుగైదు అడుగుల్లో. ఒకే ముఖం. వెనక మట్టి గోడ, తెల్లటిదేమీ లేదు. మా అమ్మ, అవ్వల ఫోటో ఎందుకు బాగా వచ్చిందో అప్పుడు అర్థమైంది. ఈ డబ్బా చేసిందే ఆ పనికి. తేరుకు కాదు, కొండకు కాదు, నలభై మందికి అసలే కాదు. మాట్లాడుకునేంత దూరంలో నిలబడిన ఒక మనిషికి.

కెమెరా చాలా ఏళ్లు అటక మీద ఉండిపోయింది. 2008లో పోలరాయిడ్ వాళ్లు ఫిల్ము తయారీ ఆపేస్తున్నామని ప్రకటించారు. ఇక ఇవి బొమ్మలే అనుకున్నారు అందరూ. నెదర్లాండ్స్‌లో ఎన్‌షెడే అనే ఊళ్లో మూతపడే ఫ్యాక్టరీని కొందరు పట్టుబట్టి నిలబెట్టి, మందులు మళ్లీ మొదటి నుంచి తయారు చేసుకున్నారు. 2017 నుంచి వాళ్లే పోలరాయిడ్ పేరు పెట్టుకున్నారు. ఈ పాత డబ్బాకు సరిపోయే ఫిల్ము ఇప్పుడు వాళ్ల దగ్గర దొరుకుతుంది. పెట్టెకు పది కాదు, ఎనిమిదే. ధర అడక్కండి, మా ఇంట్లో వాళ్లు ఈ సభలోనే ఉన్నారు. మా అబ్బాయి బెంగళూరు నుంచి ఒకటి తెచ్చాడు.

పాత ఫిల్ముకూ దీనికీ తేడా ఉంది. పాతది ఎండలో చేత పట్టుకుని నిలబడినా బొమ్మ తేలేది. కొత్తది బయటికి వచ్చిన క్షణంలో వెలుతురు తగిలితే పాడవుతుంది. వెంటనే చేత్తో కప్పి, బోర్లా పెట్టి, రంగు ఫోటో అయితే పదిహేను నిమిషాలు వదిలేయాలి. ఊపొద్దు. సినిమాల్లో విసనకర్రలాగా ఊపుతారు, అది పొర ఊడదీసే కాలం అలవాటు. ఇది మూసి ఉన్న ఫోటో, ఊపితే లోపలి పొరలు విడిపోయే ప్రమాదమే తప్ప తొందరగా రాదు. మన ఎండ దీనికి పడదు. ఇరవై ఎనిమిది డిగ్రీలు దాటితే రంగులు పసుపుకో ఎరుపుకో తిరుగుతాయి. ఆదోని మే నెలలో తీస్తే అందరికీ కామెర్లు వచ్చినట్టే. నేను పెట్టెను స్టీలు డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచి, వాడే ముందు ఒక గంట బయట పెడతాను. ఫ్రీజరులో మాత్రం పెట్టకూడదు, మందు సంచులు చెడిపోతాయి. తీసిన ఫోటోను గోడకు తగిలించి ఎండ తగలనిస్తే వెలిసిపోతుంది, ఆల్బంలో చీకట్లో ఉంచండి. అంచు కత్తిరించకండి. సెల్లుతో దానికి ఇంకో ఫోటో తీసి పెట్టుకోండి, నెగెటివ్ లేని లోటు ఇప్పుడు అట్లా తీరుతుంది.

సెల్లు ఉండగా ఇదెందుకని మొన్న మా అల్లుడు అడిగాడు. సమాధానం చెప్పలేకపోయాను. సెల్లులో ఇంతకంటే మంచి ఫోటోలే వస్తాయి. మా స్నేహితుడి సెల్లు పోయిన ఏడాది బస్సులో పోయింది, మనవరాలి ఫోటోలన్నీ దాంతో పోయాయి. దానికీ దీనికీ సంబంధం ఉందో లేదో నాకు తెలియదు.

ఇరవై నిమిషాలు దాటినట్టున్నాయి, కార్యదర్శి గారు వాచీ చూసుకుంటున్నారు. ఒక్క మాట చెప్పి దిగుతాను. పెట్టెలో ఇప్పుడు ఎనిమిది ఫోటోలు ఉన్నాయి. నాలుగు గంటలకు వేపచెట్టు పక్కన, ఎండ నా వీపు మీద ఉండేట్టు నిలబడతాను. గ్రూపు ఫోటోలు అడగొద్దు. గురువుల్లో ఎవరికి కావాలన్నా ఒక్కొక్కరుగా రండి, తీసి మీ చేతికే ఇస్తాను. డ్రాయింగ్ సారు ఉండుంటే జేబులో పెట్టుకుపోయింది ఏమైందని ఇప్పుడు అడిగేవాణ్ణేమో. మొదటిది మాత్రం వేరేవాళ్లకు చెప్పి ఉంచాను. మావాడు డ్యూటీ దిగి నాలుగున్నరకు వస్తానన్నాడు, పిన్నమ్మను వెంటబెట్టుకుని. ఆమెకు ఎనభై దాటాయి, మెల్లగా నడుస్తుంది. వాళ్లొచ్చేదాకా ఎవరూ ఈ బటన్ నొక్కకండి.